వంటనూనెల కొవ్వు ఆమ్లాలు, జీవక్రియ, స్థూలకాయం: ఒక విశ్లేషణ

వ్యాససంగ్రహం

కొవ్వులన్నీ గ్రాముకు సుమారు 9 కిలోకేలరీల శక్తినే ఇస్తాయి. అయినప్పటికీ వాటిలోని కొవ్వు ఆమ్లాల నిర్మాణాన్ని బట్టి అవి దహనమయ్యే వేగం, నిల్వ చేరే స్థానం మారుతున్నాయని గత పాతికేళ్ల మానవ ప్రయోగాలు చూపుతున్నాయి. తినే కొవ్వు పరిమాణం శరీర బరువును, ఆ కొవ్వు రకం ఆ బరువు చేరే చోటును ప్రధానంగా ప్రభావితం చేస్తాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన. తక్కువ బరువులోనే ఎక్కువ కొవ్వును దాచుకొనే భారతీయ దేహతత్త్వానికి, వరి అన్నం ప్రధానమైన తెలుగువారి భోజనానికి ఈ భేదం ఎందుకు ముఖ్యమో ఇందులో చర్చించడమైనది.

కీలకపదాలు: కొవ్వు ఆమ్లాలు, జీవక్రియ, స్థూలకాయం, కాలేయపు కొవ్వు, పామోలిన్, ట్రాన్స్ కొవ్వులు, ఇన్సులిన్.

1. ఉపోద్ఘాతం

"ఏ నూనె వాడాలి?" అన్న ప్రశ్నకు తెలుగునాట సమాధానాల కొదవ లేదు. ఒకప్పుడు నెయ్యికి బదులుగా వనస్పతి వంటింట్లోకి వచ్చింది. తరువాత వనస్పతిని వెళ్లగొట్టి పొద్దుతిరుగుడు నూనె ఆ స్థానంలో కూర్చుంది. ఇటీవల గానుగ నూనె, కొబ్బరి నూనె, తిరిగి నెయ్యి ముందువరుసలోకి వచ్చాయి. ప్రతి మార్పు వెనుకా ఏదో ఒక శాస్త్రీయ వాదన వినిపించింది. ఆ వాదనలు పరస్పరం ఖండించుకోవడంతో, నూనెల గురించి శాస్త్రం చెప్పేదేదీ నిలకడగా ఉండదన్న అభిప్రాయం చదువుకున్నవారిలో సైతం బలపడింది.

ఈ గందరగోళానికి ఒక ముఖ్య కారణం రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపి అడగడం. కొవ్వు తింటే బరువు పెరుగుతామా అన్నది మొదటి ప్రశ్న. పెరిగిన బరువు శరీరంలో ఎక్కడ చేరుతుంది, అక్కడ ఏమి చేస్తుంది అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు తూకపు యంత్రం జవాబు చెబుతుంది. రెండవ ప్రశ్నకు ఆ యంత్రం పనికిరాదు. మన జనాభాకు సంబంధించినంత వరకు రెండవ ప్రశ్నే బరువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత (2019-21) ప్రకారం దేహభార సూచిక 25 లేదా అంతకు మించి ఉన్న మహిళలు దేశంలో 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో వారు 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. భారత వైద్య పరిశోధన మండలి మధుమేహ అధ్యయనం 2023లో వెలువరించిన లెక్కల్లో దేశంలోని వయోజనుల్లో సాధారణ స్థూలకాయం 28.6 శాతం మందికి ఉండగా, పొట్ట చుట్టూ కొవ్వు చేరిన ఉదర స్థూలకాయం 39.5 శాతం మందికి ఉన్నట్లు తేలింది. ఈ రెండంకెల మధ్య ఉన్న దూరాన్ని గమనించాలి. తూకం ప్రకారం స్థూలకాయులు కానివారిలో కూడా గణనీయమైన సంఖ్యలో పొట్ట దగ్గర కొవ్వు పేరుకొని ఉన్నదని దాని అర్థం.

2. కొవ్వు ఆమ్లాల నిర్మాణం

మనం తినే నూనె, నెయ్యి, గింజల కొవ్వు దాదాపు పూర్తిగా ట్రైగ్లిజరైడ్ల రూపంలో ఉంటుంది. ఒక గ్లిజరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కొని ఉన్న నిర్మాణమిది. కొవ్వు ఆమ్లమంటే కర్బన పరమాణువుల గొలుసు. ఆ గొలుసులో జంట బంధాలు లేకపోతే సంతృప్తం, ఒకటి ఉంటే ఏక అసంతృప్తం, అంతకు మించి ఉంటే బహు అసంతృప్తం అంటాము. జంట బంధం సహజంగా గొలుసును వంచుతుంది. వంగిన గొలుసులు దగ్గరగా పేరుకోలేవు కనుక అవి ఎక్కువగా ఉన్న నూనె ద్రవంగా ఉంటుంది. నిటారు గొలుసులు ఎక్కువగా ఉన్న నెయ్యి చలికాలంలో గడ్డకడుతుంది.

ఏ నూనె కూడా ఒకే కొవ్వు ఆమ్లంతో తయారు కాదు. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు. అందులో సగం వరకు 12 కర్బనాల లారిక్ ఆమ్లం. పామాయిల్‌లో 16 కర్బనాల పామిటిక్ ఆమ్లం సుమారు 44 శాతం. దాని నుండి గట్టి భాగాన్ని వేరుచేయగా మిగిలిన ద్రవభాగమైన పామోలిన్‌లో అది కొంత తక్కువ, సుమారు 40 శాతం. వేరుశనగ నూనెలో ఏక అసంతృప్తమైన ఒలీక్ ఆమ్లం సగానికి దగ్గరగా ఉంటుంది. నువ్వుల నూనెలో ఒలీక్, లినోలిక్ ఆమ్లాలు దాదాపు సమానం. సాధారణ పొద్దుతిరుగుడు నూనెలో బహు అసంతృప్తమైన లినోలిక్ ఆమ్లం సుమారు 60 శాతం. నెయ్యి కొవ్వులో మూడింట రెండు వంతులకు దగ్గరగా సంతృప్తమే అయినా అందులో నాలుగు నుండి పది కర్బనాల పొట్టి గొలుసులు కూడా కొన్ని ఉంటాయి. నూనె సీసాలపై "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో ముద్రించే మాటకు ఇక్కడ చోటు లేదు. చెప్పుకోదగిన కొలెస్ట్రాల్ ఏ మొక్క నూనెలోనూ ఉండదు. అది పామాయిల్‌కూ వర్తిస్తుంది, కొబ్బరి నూనెకూ వర్తిస్తుంది.

3. పేగు నుండి కణం దాకా

చిన్నపేగులో పిత్తరసం కొవ్వును సన్నని బిందువులుగా విడగొట్టగా, క్లోమం నుండి వచ్చే లైపేజ్ అనే ఎంజైము కొవ్వు ఆమ్లాలను గ్లిజరాల్ నుండి విడదీస్తుంది. ఇక్కడి నుండి గొలుసు పొడవును బట్టి దారులు చీలుతాయి. 14 కర్బనాలు, అంతకు మించిన పొడవైన గొలుసులు పేగు గోడ కణాలలో తిరిగి ట్రైగ్లిజరైడ్లుగా మారి, కైలోమైక్రాన్లు అనే పొట్లాలలో చేరి, శోషరస నాళాల ద్వారా నేరుగా రక్తప్రవాహంలోకి వెళ్తాయి. కాలేయాన్ని చేరకముందే అవి కండరాలకు, కొవ్వు కణజాలానికి తారసపడతాయి. ఎనిమిది, పది కర్బనాల గొలుసులు అలా కాక ద్వారసిర గుండా తిన్నగా కాలేయానికి చేరి, అక్కడ త్వరగా దహనమవుతాయి. పొడవైన గొలుసులు మైటోకాండ్రియా లోపలికి వెళ్లడానికి కార్నిటైన్ అనే వాహకం సాయం కావాలి. ఈ పొట్టివాటికి ఆ అవసరం దాదాపు లేదు.

కార్నిటైన్ ద్వారం విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన భోజన పద్ధతికి దానితో సంబంధమున్నది. అన్నం, చక్కెర వంటివి తిన్న తరువాత రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. అప్పుడు కణాలలో మలోనిల్-కోఎంజైమ్ ఎ అనే పదార్థం అధికమై, కొవ్వు ఆమ్లాలు మైటోకాండ్రియాలోకి వెళ్లే ద్వారాన్ని మూస్తుంది. అదే ఇన్సులిన్ కొవ్వు కణజాలంలోని లైపోప్రోటీన్ లైపేజ్‌ను ఉత్తేజపరచి కైలోమైక్రాన్లలోని కొవ్వును లోపలికి లాక్కొనేలా చేస్తుంది. నిల్వ ఉన్న కొవ్వు బయటికి రాకుండానూ ఆపుతుంది. అన్నంతో కలిపి తిన్న నూనె ఆ పూటకు దహనం కావడం కంటే నిల్వకు పోవడమే ఎక్కువ. పగలంతా జరిగే నిల్వ, రాత్రి ఉపవాసంలో జరిగే వినియోగం సమానంగా ఉన్నంత కాలం ఇందులో దోషమేమీ లేదు. లెక్క తప్పేది నిల్వ వినియోగాన్ని మించినప్పుడు.

4. శరీరం కొవ్వును చివరికి వాయిదా వేస్తుంది

ఆహారంలోని శక్తివనరుల్లో శరీరం దేనిని ముందు ఖర్చు చేస్తుందన్న విషయంలో ఒక వరుస ఉన్నది. ఆల్కహాల్‌ను నిల్వ చేసుకొనే ఏర్పాటు శరీరానికి లేదు కనుక అది మొదట దహనమవుతుంది. మాంసకృత్తులు, పిండిపదార్థాలు ఎంత ఎక్కువ తింటే వాటి దహనం అంత పెరుగుతుంది. కొవ్వు అలా కాదు. ఒక పూట ఎక్కువ కొవ్వు తిన్నంత మాత్రాన ఆ రోజు కొవ్వు దహనం దానికి తగినట్లు పెరగదు. పైగా తిన్న ఆహారాన్ని జీర్ణం చేసుకొని సర్దుకోవడానికి ఖర్చయ్యే శక్తి మాంసకృత్తులకు 20-30 శాతం, పిండిపదార్థాలకు 5-10 శాతం కాగా, కొవ్వులకు 3 శాతం లోపే. 1995లో హార్టన్, సహచరులు చేసిన ప్రయోగంలో, అవసరానికి మించి ఇచ్చిన శక్తి కొవ్వు రూపంలో అయినప్పుడు 90-95 శాతం, పిండిపదార్థాల రూపంలో అయినప్పుడు 75-85 శాతం నిల్వకు చేరింది.

కొవ్వు తగ్గిస్తే చాలని గానీ, పిండిపదార్థాలు మానేస్తే చాలని గానీ దీని అర్థం కాదు. కొన్నేళ్ల క్రితం తెలుగునాట విస్తృతంగా ప్రచారమైన ఒక పద్ధతి అన్నం పూర్తిగా మాని, రోజూ పెద్దమొత్తంలో కొబ్బరి నూనెనో నెయ్యినో తీసుకోమన్నది. ఇన్సులిన్ తగ్గితే కొవ్వు దానంతట అదే కరుగుతుందన్నది దాని మూలసూత్రం. ఈ సూత్రాన్ని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకుడు కెవిన్ హాల్ నేరుగా పరీక్షించాడు. 2015లో ప్రచురితమైన అధ్యయనంలో 19 మంది స్థూలకాయులను పరిశోధనా వార్డులో ఉంచి, ఒక విడతలో పిండిపదార్థాల నుండి, మరొక విడతలో కొవ్వు నుండి సమానమైన కేలరీలను తగ్గించారు. పిండిపదార్థాలు తగ్గించినప్పుడు ఇన్సులిన్ పడిపోయింది, రోజుకు సగటున 53 గ్రాముల శరీర కొవ్వు తగ్గింది. కొవ్వు తగ్గించినప్పుడు ఇన్సులిన్‌లో చెప్పుకోదగిన మార్పు లేకపోయినా 89 గ్రాములు తగ్గింది. ఆరు రోజుల ప్రయోగం కనుక దీనిని ఏళ్ల తరబడి ఫలితంగా చదవకూడదు. కానీ ఇన్సులిన్ తగ్గితేనే కొవ్వు కరుగుతుందన్న మాట నిలవదని చెప్పడానికి ఇది చాలు. 2021లో అదే బృందం 20 మందికి కడుపునిండా తినే స్వేచ్ఛనిచ్చి చూడగా, తక్కువ కొవ్వు గల శాకాహారంపై ఉన్నప్పుడు వారు, పిండిపదార్థాలు దాదాపు లేని మాంసాహారంపై ఉన్నప్పటి కంటే రోజుకు సగటున 689 కిలోకేలరీలు తక్కువ తిన్నారు. అన్నం మానిన వారి బరువు మొదట వేగంగా తగ్గడంలో గ్లైకోజన్‌తో పాటు పోయే నీటి వాటా పెద్దది.

5. దహన వేగంలో తేడాలు, కొబ్బరి నూనె వాదం

గ్రాముకు శక్తి సమానమైనా అన్ని కొవ్వు ఆమ్లాలు ఒకే వేగంతో దహనం కావు. అమెరికాలోని పెన్నింగ్టన్ పరిశోధనా కేంద్రంలో డిలేనీ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు మంచి ఆధారం. సాధారణ బరువున్న పురుషులకు, కర్బనపు ఐసోటోపుతో గుర్తు పెట్టిన కొవ్వు ఆమ్లాలను ఒక్కొక్కటిగా ఇచ్చి, తొమ్మిది గంటల పాటు వారి శ్వాసలో వెలువడిన గుర్తును కొలిచారు. లారిక్ ఆమ్లంలో 41 శాతం ఆ వ్యవధిలో దహనమైంది. 18 కర్బనాల సంతృప్త స్టియరిక్ ఆమ్లంలో దహనమైనది 13 శాతమే. అంతే పొడవున్న లినోలెనిక్ ఆమ్లం 27 శాతం దహనమైంది.

ఈ 41 శాతాన్ని చూపి కొబ్బరి నూనె బరువు తగ్గిస్తుందనడం తొందరపాటు. మధ్యస్థ గొలుసుల కొవ్వులపై బరువుకు సంబంధించి జరిగిన చాలా ప్రయోగాలు ఎనిమిది, పది కర్బనాల ఆమ్లాలతో ప్రత్యేకంగా తయారుచేసిన నూనెతో జరిగాయి. కొబ్బరి నూనెలో అవి రెండూ కలిపి సుమారు 15 శాతానికి మించవు. అందులో ప్రధానమైన లారిక్ ఆమ్లం రసాయన వర్గీకరణలో మధ్యస్థమే అయినా, పేగులో ఎక్కువ భాగం పొడవైన గొలుసుల మాదిరిగానే కైలోమైక్రాన్లలోకి పోతుంది. ఒక నూనెపై వచ్చిన ఫలితాన్ని మరొక నూనె సీసాకు అంటించడం వ్యాపార ప్రకటనలకు చెల్లవచ్చు, శాస్త్రానికి చెల్లదు. మరొక సంగతి. 2020లో వెలువడిన ఒక సమగ్ర పరిశీలన ప్రకారం, ఉష్ణమండలేతర మొక్క నూనెలతో పోల్చినప్పుడు కొబ్బరి నూనె చెడు కొలెస్ట్రాల్‌ను డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల మేర పెంచింది.

6. ఒకే బరువు, రెండు శరీరాలు: ఉప్సాలా ప్రయోగం

కొవ్వు రకానికీ దాని స్థానానికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చూపిన ప్రయోగం స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో జరిగింది. దీని ఫలితాలు 2014లో వెలువడ్డాయి. సాధారణ బరువున్న 39 మంది యువతీయువకులు తమ మామూలు ఆహారానికి అదనంగా ఏడు వారాల పాటు మఫిన్లు తిన్నారు. రెండు జట్లకూ ఇచ్చిన మఫిన్లు పిండిలో, చక్కెరలో, మాంసకృత్తులలో ఒకటే. తేడా అల్లా ఒక జట్టు మఫిన్లలో పామాయిల్, రెండవ జట్టు మఫిన్లలో పొద్దుతిరుగుడు నూనె. అందరి బరువూ సుమారు 3 శాతం పెరిగేలా మఫిన్ల సంఖ్యను సర్దుతూ వచ్చారు. ఎవరు ఏ నూనె తింటున్నారో తిన్నవారికి తెలియదు.

ఏడు వారాల తరువాత రెండు జట్ల వారూ సగటున 1.6 కిలోలు పెరిగారు. తూకం దగ్గర ప్రయోగం ఆగిపోయి ఉంటే, ఏ నూనెయినా ఒకటే అన్న నిర్ణయానికి వచ్చేవారు. ఎమ్‌ఆర్‌ఐ చిత్రాలు వేరే కథ చెప్పాయి. పామాయిల్ జట్టులో కాలేయపు కొవ్వు బాగా పెరిగింది. పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరిన కొవ్వు రెండవ జట్టుతో పోలిస్తే రెండింతలు పెరిగింది. పొద్దుతిరుగుడు నూనె జట్టులో కొవ్వేతర కణజాలం దాదాపు మూడింతలు ఎక్కువగా పెరిగింది.

ఒక్క ప్రయోగంతో నిర్ధారణకు రాకూడదన్న జాగ్రత్త ఇక్కడ అవసరమే. అదే బృందం అధిక బరువున్న 61 మందిపై ఎనిమిది వారాల పాటు జరిపిన రెండవ ప్రయోగం 2019లో వెలువడింది. సంతృప్త కొవ్వు కాలేయపు కొవ్వును పెంచుతుందన్న ఫలితం మళ్లీ వచ్చింది; బహు అసంతృప్త జట్టులో బరువు పెరిగినా కాలేయపు కొవ్వు పెరగలేదు. కానీ పొట్ట లోపలి కొవ్వులో మొదటిసారి కనిపించిన తేడా ఈసారి కనిపించలేదు. అంటే కాలేయానికి సంబంధించిన ఫలితం గట్టిది, మిగిలినది ఇంకా నిలదొక్కుకోవలసినది. కేలరీలు పెంచకుండా, పొట్ట పెరిగిన 67 మందిపై పది వారాల పాటు వెన్నను, పొద్దుతిరుగుడు నూనెను పోల్చిన 2012 నాటి ఉప్సాలా ప్రయోగం కూడా కాలేయం విషయంలో ఇదే చూపింది.

వీటన్నిటి కంటే మనకు దగ్గరగా వచ్చే ఫలితం ఫిన్లాండ్‌ది. 2018లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 38 మంది అధిక బరువుగలవారికి మూడు వారాల పాటు రోజుకు 1000 కిలోకేలరీలు అదనంగా ఇచ్చారు. ఆ అదనం కొందరికి సంతృప్త కొవ్వు, కొందరికి అసంతృప్త కొవ్వు, మరికొందరికి చక్కెర. కాలేయపు కొవ్వు సంతృప్త కొవ్వుతో 55 శాతం, చక్కెరతో 33 శాతం, అసంతృప్త కొవ్వుతో 15 శాతం పెరిగింది. ఆ సంతృప్త కొవ్వు వెన్న, జున్ను, కొబ్బరి నూనెల నుండి వచ్చినది. ఇందులో చక్కెర రెండవ స్థానంలో నిలవడాన్ని తెలుగు పాఠకుడు తప్పక గమనించాలి. ఎందుకో తరువాతి భాగంలో తెలుస్తుంది.

7. కాలేయంలో జరిగేది

బహు అసంతృప్త కొవ్వు ఆమ్లాలు కణానికి ఇంధనం మాత్రమే కాదు, సంకేతాలు కూడా. కాలేయ కణంలో కొత్త కొవ్వు తయారీకి ఆజ్ఞలిచ్చే ఎస్‌ఆర్‌ఈబీపీ-1సి అనే ప్రోటీన్‌ను అవి అణచివేస్తాయి. కొవ్వు దహనానికి కావలసిన జన్యువులను మేల్కొలిపే పీపీఏఆర్-ఆల్ఫా అనే గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తాయి. పామిటిక్ ఆమ్లం చేసే పని ఇందుకు భిన్నం. అది సెరీన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి సెరమైడ్లు అనే పదార్థాల తయారీకి ముడిసరుకవుతుంది. సెరమైడ్లు ఎక్కువైనప్పుడు ఇన్సులిన్ సందేశాన్ని కణం లోపలికి అందించే ఏకేటీ అనే ప్రోటీన్ పని మందగిస్తుంది. పైన చెప్పిన ఫిన్లాండ్ ప్రయోగంలోనూ, రెండవ ఉప్సాలా ప్రయోగంలోనూ సంతృప్త కొవ్వు తిన్నవారి రక్తంలో సెరమైడ్లు పెరగడం ఈ వివరణకు బలమిస్తున్నది.

అయితే పామిటిక్ ఆమ్లం బయటి నుండి మాత్రమే రాదు. అవసరానికి మించిన పిండిపదార్థాలను, చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చేటప్పుడు మొదట తయారయ్యేది పామిటిక్ ఆమ్లమే. నెయ్యి మానేసి ఆ కేలరీలను తెల్ల అన్నంతోనో మిఠాయితోనో భర్తీ చేసినవారు పామిటిక్ ఆమ్లాన్ని పళ్లెంలో తగ్గించి కాలేయంలో తయారు చేసుకుంటున్నట్లే. సంతృప్త కొవ్వు తగ్గించినా ప్రయోజనం కనబడలేదని చెప్పే అధ్యయనాలను చదివేటప్పుడు, దాని స్థానంలో ఏమి తిన్నారన్న ప్రశ్న ముందుగా వేయాలి. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2025లో వెలువరించిన ఆహార లెక్కల ప్రకారం దేశవాసుల కేలరీలలో సగటున 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నాయి. "నూనె తగ్గించండి" అన్న సలహా ఈ నేల మీద "అన్నం ఇంకొంచెం పెట్టించుకోండి" అని ఆచరణలో మారే ప్రమాదం ఉన్నది.

ఇక్కడ లినోలిక్ ఆమ్లానికి పూర్తి ప్రశంసాపత్రం ఇవ్వడం కూడా సరికాదు. అది శరీరం తయారు చేసుకోలేని అత్యవసర పోషకమని 1930లో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలపై చూపారు. కానీ అవసరమైనదంతా ఎంత తిన్నా మంచిదని కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1968-73 మధ్య 9,423 మందిపై జరిగిన ప్రయోగంలో సంతృప్త కొవ్వు స్థానంలో మొక్కజొన్న నూనె ఇవ్వగా కొలెస్ట్రాల్ తగ్గింది. అయితే మరణాలు తగ్గలేదని పాత దస్త్రాలను తిరిగి పరిశీలించి 2016లో ప్రకటించారు. కాలేయపు కొవ్వు ఒక కొలమానం, ఆయుష్షు మరొక కొలమానం.

8. ట్రాన్స్ కొవ్వులు: వనస్పతి మిగిల్చిన పాఠం

ద్రవ నూనెను హైడ్రోజన్‌తో పాక్షికంగా గట్టిపరచినప్పుడు కొన్ని జంట బంధాలు వంపు పోగొట్టుకొని నిటారవుతాయి. ఇవే ట్రాన్స్ కొవ్వులు. తినే కేలరీలను అదుపులో ఉంచినప్పటికీ కొవ్వు రకం పొట్టను పెంచగలదన్న వాదానికి బలమైన సాక్ష్యం వీటి నుండే వచ్చింది. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో వర్వెట్ కోతులకు ఆరేళ్ల పాటు, బరువు నిలకడగా ఉండేలా లెక్కగట్టి ఆహారం పెట్టారు. ఒక జట్టుకు కేలరీలలో 8 శాతం ట్రాన్స్ కొవ్వు, మరొక జట్టుకు దాని స్థానంలో ఏక అసంతృప్త కొవ్వు. మొదటి జట్టు బరువు 7.2 శాతం, రెండవ జట్టు బరువు 1.8 శాతం పెరిగింది. అదనపు కొవ్వు ప్రధానంగా పొట్టలో చేరింది. 2007లో ఇది ప్రచురితమైంది. మనుషులు సాధారణంగా తినే మోతాదు కంటే ఇది ఎక్కువన్న మాట నిజమే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ గఫూరున్నీసా బృందం ఈ దిశలో చేసిన కృషి తెలుగు పాఠకులకు అంతగా పరిచయం కాకపోవడం విచారకరం. వారు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ట్రాన్స్ కొవ్వులు తిన్న ఎలుకల కొవ్వు కణాల పొరలలో కొవ్వు ఆమ్లాల కూర్పు మారి, ఇన్సులిన్‌కు ఆ కణాల స్పందన తగ్గినట్లు తేలింది. కణపు గోడ కూడా మనం తిన్న కొవ్వుతోనే కట్టబడుతుందని, గోడ మారితే తలుపు తట్టిన ఇన్సులిన్‌కు పలికే తీరు మారుతుందని ఈ ఫలితం తెలియజేస్తుంది. నూనెలలో, కొవ్వులలో ట్రాన్స్ పరిమితిని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుండి 2 శాతానికి కుదించింది. అయితే ట్రాన్స్ కొవ్వులు తీసివేసిన చోట బేకరీలలో చేరినది చాలా వరకు పామాయిల్ ఉత్పత్తులే. రెండింటిలో పామాయిల్ మేలన్నది నిస్సందేహం. కానీ పఫ్‌లో, బిస్కెట్‌లో "ట్రాన్స్ కొవ్వు సున్నా" అని రాసి ఉండటం కాలేయానికి పూర్తి హామీ కాదు.

9. సన్నని దేహం, దాగిన కొవ్వు

పుణెకు చెందిన మధుమేహ పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోను ప్రచురించారు. ఇద్దరి దేహభార సూచికా 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం పుణె గ్రామాలలో చేసిన అధ్యయనం సూచించింది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. పుణె శిశువులలో కండ, ఇతర అవయవాలు బాగా తక్కువ. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

చర్మం కింది కొవ్వు కణాలు సురక్షితమైన గాదె వంటివి. గాదె నిండితే ధాన్యం వసారాలోకి వచ్చినట్లు, ఆ కణాల సామర్థ్యం దాటిన కొవ్వు కాలేయానికి, క్లోమానికి, కండరాలకు చేరుతుంది. మన గాదె చిన్నది, కండ తక్కువ కనుక ఖర్చూ తక్కువ. ఈ కారణం చేతనే భారతీయులకు దేహభార సూచిక 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తున్నారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దుగా పెట్టారు. చిన్న గాదె ఉన్న ఇంటికి, కాలేయంలో తేలికగా చేరే కొవ్వు ఏదన్నది పెద్ద గాదె ఉన్న ఇంటికంటే ముందుగా తేల్చుకోవలసిన విషయం.

10. తెలుగు వంటింటి లెక్క

ముందుగా పరిమాణం. లీటరు నూనె బరువు సుమారు 915 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు అయిదు లీటర్లు ఖర్చయితే తలకు రోజుకు 38 గ్రాములు, అంటే దాదాపు 340 కిలోకేలరీలు. మూడు లీటర్లయితే 23 గ్రాములు. శారీరక శ్రమ తక్కువగా ఉన్న పురుషునికి 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాముల కంటికి కనిపించే కొవ్వు చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2010లో సూచించింది. బియ్యం, పప్పులు, పాలు, గింజలలో కనిపించని కొవ్వు దీనికి అదనం. అయిదు లీటర్ల ఇల్లు ఎంత మంచి నూనె వాడినా బరువు విషయంలో మూడు లీటర్ల ఇంటితో పోటీ పడలేదు. పొద్దుతిరుగుడు నూనె తిన్న ఉప్సాలా జట్టు కూడా 1.6 కిలోలు పెరిగిందన్నది ఇక్కడ గుర్తుకు రావాలి.

రెండవది పామోలిన్. చౌక ధరల దుకాణాల ద్వారా అది పేద ఇళ్లకు చేరింది. హోటళ్లు, తోపుడు బండ్లు, ప్యాకెట్ చిరుతిళ్లు దాని మీద నడుస్తున్నాయి. దేశంలో ఆయిల్ పామ్ సాగుకు గోదావరి జిల్లాలు, ఖమ్మం ప్రాంతం పెట్టింది పేరు. ఆ పంటకు సంబంధించిన జాతీయ పరిశోధన సంస్థ ఏలూరు సమీపంలోని పెదవేగిలో ఉన్నది. సాగును విస్తరించడానికి 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో జాతీయ కార్యక్రమాన్ని ప్రకటించింది. దిగుమతి భారం తగ్గడం, రైతుకు ఆదాయం రావడం చిన్న విషయాలు కావు. పామోలిన్‌ను విషమని ప్రచారం చేయడం అన్యాయం కూడా. అందులో ఒలీక్ ఆమ్లమూ సుమారు 40 శాతానికి పైగా ఉంటుంది, వేడికి అది పొద్దుతిరుగుడు నూనె కంటే బాగా తట్టుకుంటుంది. సమస్య అది ఒక్కటే నూనెగా మిగిలినప్పుడు వస్తుంది. ఇంట్లో వేరుశనగ నూనె వాడుతున్నామనుకొనే కుటుంబం కూడా బయటి బజ్జీ, మిక్చరు, బేకరీ సరుకు రూపంలో తెలియకుండానే దానిని తింటుంది. పేదలకు వేరే నూనె కొనే స్తోమత లేదు. అందువల్ల రాయితీ నూనె ఏదై ఉండాలన్నది వ్యవసాయ, వాణిజ్య శాఖల లెక్క మాత్రమే కాదు, ఆరోగ్య శాఖ లెక్క కూడా.

మూడవది వేపుడు. బహు అసంతృప్త నూనెలు కాలేయానికి చేసే మేలు, పదేపదే కాగిన మూకుడులో నిలవదు. జంట బంధాల దగ్గరే ఆక్సిజన్ దాడి చేస్తుంది కనుక అవి ఎక్కువగా ఉన్న నూనె త్వరగా చెడుతుంది. వాడిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే పారవేయాలన్న నిబంధన 2018 నుండి అమలులో ఉన్నది. డీప్ ఫ్రైకి వేరుశనగ, తవుడు నూనెలు మెరుగు. పొద్దుతిరుగుడు నూనెను తాలింపులకు, కూరలకు పరిమితం చేయవచ్చు.

చివరిగా, గఫూరున్నీసా దశాబ్దాల పాటు చెబుతూ వచ్చిన అంశం. మన ధాన్యాలు, పప్పులలోని కనిపించని కొవ్వు నుండి లినోలిక్ ఆమ్లం తగినంత అందుతుంది. కొరత ఒమేగా-3 వర్గానికి చెందిన లినోలెనిక్ ఆమ్లానిది. పొద్దుతిరుగుడు నూనె ఆ కొరతను తీర్చదు, నువ్వుల నూనె తీర్చదు, నెయ్యీ తీర్చదు. అవిసె గింజల పొడి, ఆవనూనె, సోయా నూనె కొంత తీరుస్తాయి. చేపలు తినేవారికి ఆ వర్గపు పొడవైన గొలుసులు నేరుగా అందుతాయి. రాయలసీమలో, తెలంగాణలో అవిసె గింజల కారప్పొడి ఇప్పటికీ కొన్ని ఇళ్లలో రోజువారీ పదార్థమే. రోట్లో దంచిన ఒక చెంచాడు పొడిలో ఉండే లినోలెనిక్ ఆమ్లం, లీటరు పొద్దుతిరుగుడు నూనె కొని ఒక రోజుకు వాడే వాటాలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.